తెలిసీ ఎందుకు మానలేరు? పొగాకు అలవాటు వెనక ఉన్న లెక్క

సంక్షిప్తంగా: పొగాకు ప్రాణం మీదికి తెస్తుందన్న సంగతి మన దేశంలో దాదాపు అందరికీ తెలుసు. అయినా కోట్ల మంది వాడుతూనే ఉన్నారు. అజ్ఞానం వల్లనో, మనోబలం లేకనో ఇలా జరుగుతోందని సాధారణంగా అనుకుంటారు. ఈ రెండు వివరణలూ సరిపోవు. పొగాకు ఇచ్చే ఉపశమనం క్షణాల్లో, తప్పకుండా అందుతుంది. అది చేసే నష్టం దశాబ్దాల తర్వాత వస్తుంది, అదీ వస్తుందో రాదో తెలియకుండా. ఈ ఎడానికి నికోటిన్ మెదడులో తెచ్చే మార్పులు, రోజువారీ పనులతో పెనవేసుకున్న అలవాటు, చుట్టూ ఉన్న మనుషులు, వీధి చివరి బడ్డీకొట్టు తోడవుతాయి. మాన్పించే ప్రయత్నాల్లో కొన్ని ఎందుకు ఫలిస్తున్నాయో, కొన్ని ఎందుకు ఫలించడం లేదో ఈ లెక్కతోనే అర్థమవుతుంది.

తెలియక కాదు

‘గాట్స్’ పేరుతో వయోజనుల పొగాకు వాడకంపై జరిగే జాతీయ సర్వే రెండో విడతను 2016-17లో నిర్వహించారు. పదిహేనేళ్లు దాటిన వారిలో 28.6 శాతం మంది, అంటే సుమారు 26.7 కోట్ల మంది, ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని అది లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాటా 20 శాతం, తెలంగాణలో 18 శాతానికి కాస్త తక్కువ. పొగ తాగడం తీవ్రమైన జబ్బులకు దారితీస్తుందని నమ్ముతున్న వయోజనులు అదే సర్వేలో 92.4 శాతం. నమిలే పొగాకు విషయంలో అలా నమ్ముతున్నవారు ఇంకా ఎక్కువ, 95.6 శాతం. పొగ తాగేవారిలో సగానికి పైగా, నమిలేవారిలో దాదాపు సగం మంది మానాలని అనుకుంటున్నామనో, మానే ఆలోచనలో ఉన్నామనో చెప్పారు. అసలు మానగలిగినవారి సంఖ్య మాత్రం దీనికి దరిదాపుల్లో లేదు. ఒకప్పుడు రోజూ పొగ తాగినవారిలో ఇప్పుడు పూర్తిగా వదిలేసినవారు 16.8 శాతం కాగా, నమిలే పొగాకును అలా వదిలేసినవారు 5.8 శాతమే.

తెలియడానికీ మానడానికీ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు, మరింత తెలియజెబితే సరిపోతుందన్న ఆశకు ఆధారం బలహీనంగా ఉంటుంది. అలాగని తెలియజెప్పడం వృథా అనడమూ పొరపాటే. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో మొదలుపెట్టిన అధ్యయనంలో 34,439 మంది పురుష వైద్యుల అలవాట్లను, ఆయుర్దాయాన్ని యాభై ఏళ్లపాటు గమనించారు. జీవితాంతం సిగరెట్లు తాగినవారు తాగనివారికన్నా సగటున పదేళ్లు ముందే చనిపోతున్నారని 2004లో తేలింది. ముప్పై ఏళ్ల వయసులో మానేస్తే ఆ పదేళ్లూ దక్కుతాయని, నలభైలో మానితే తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు సంవత్సరాలు తిరిగి వస్తాయని కూడా ఆ లెక్క చూపించింది. ఆ దేశంలో సాధారణ ప్రజలకన్నా ముందు సిగరెట్టు వదిలినవారు వైద్యులే. అయితే వారికి సమాచారంతోపాటు మరికొన్ని అనుకూలతలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ వారికి పుస్తకంలో చదివిన మాట కాదు, రోజూ వార్డులో కనిపించే మనిషి. పక్కనున్న వైద్యుడూ అదే సమయంలో మానేస్తున్నాడు. సిగరెట్టు పట్టుకున్న వైద్యుడికి రోగి ముందు గౌరవం తగ్గే పరిస్థితీ మెల్లగా ఏర్పడింది.

అడ్డపొగ: ఎనభై ఏళ్లుగా తెలిసిన ప్రమాదం

తెలిసీ ఎందుకు మానలేరన్న ప్రశ్నకు తెలుగు నేల మీద దొరికే అత్యంత స్పష్టమైన ఉదాహరణ ఉత్తరాంధ్ర తీరంలోని అడ్డపొగ. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల ఉంచుకుని, పెదాలు మూసి పొగ పీల్చే పద్ధతి ఇది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో ముఖ్యంగా స్త్రీలలో, అందులోనూ మత్స్యకార కుటుంబాల్లోని, కాయకష్టం చేసుకునే కుటుంబాల్లోని స్త్రీలలో ఇది తరతరాలుగా ఉంది. కరీబియన్ దీవుల్లో, ఇటలీకి చెందిన సార్డీనియాలో, లాటిన్ అమెరికాలోని కొన్ని చోట్ల కూడా ఇలాంటి అలవాటు నమోదైంది. అయితే దీనిపై అత్యంత విస్తృతంగా అధ్యయనం జరిగింది శ్రీకాకుళం జిల్లాలోనే.

మిగతా చోట్ల అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగ ఉన్న ఊళ్లలో అది అరుదైన జబ్బు కాదు. ఈ సంబంధాన్ని క్యాన్సర్ పరిశోధకుడు వి.ఆర్. ఖనోల్కర్ 1945లోనే వైద్య పత్రికలో రాశారు. 1971లో ప్రచురితమైన ఒక సర్వేలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించగా, వారిలో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటున్నట్టు తేలింది. నిప్పు లోపల ఉన్నప్పుడు నోటిలోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ వరకు, అంగిలి చర్మం 58 డిగ్రీల వరకు వేడెక్కుతాయని కొలిచిన పరిశోధకులూ ఉన్నారు. పొగలోని విషపదార్థాలకు ఆ వేడి తోడవడంతో అంగిలి మొదట తెల్లబారి, గరుకెక్కి, కొందరిలో ఎర్రటి మచ్చలుగానూ పుండ్లుగానూ మారుతుంది. వారిలో కొంతమందికి అది క్యాన్సర్ అవుతుంది.

నిప్పును నోట్లో పెట్టుకోవడం దూరం నుంచి చూసేవారికి వెర్రి సాహసంగా కనిపిస్తుంది. ఆ స్త్రీలు చెబుతూ వచ్చిన కారణాలు వింటే ఆ అభిప్రాయం నిలవదు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. నిప్పు లోపల ఉంటే చుట్ట నెమ్మదిగా కాలి ఎక్కువసేపు వస్తుంది, కాబట్టి ఖర్చు తగ్గుతుంది. వంట చేస్తున్నప్పుడు బూడిద రాలి అన్నంలో పడదు. పెద్దల ఎదుట చుట్ట కనపడకుండా ఉంటుంది. పంటి నొప్పి ఉన్నప్పుడు హాయిగా ఉంటుందని చాలామంది చెప్పారు. అన్నిటికన్నా ముందు, తల్లో అత్తో అలాగే తాగడం చిన్నప్పటి నుంచీ చూశారు. వీటిలో ఒక్కటీ వెర్రితనం కాదు. ప్రతిదీ ఒక చిన్న, నిజమైన అవసరానికి సమాధానం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పంటి నొప్పి తెలుస్తుంది, దానికి దొరికే ఉపశమనమూ తెలుస్తుంది. అంగిలి తెల్లబారడం మాత్రం నొప్పి పెట్టదు. తన అంగిలిని తాను చూసుకోవడం ఎవరికీ అలవాటు లేదు. లాభం ప్రతిసారీ అనుభవానికి వస్తుండగా నష్టం ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. దేన్నయినా అనుభవంతో నేర్చుకునే మనిషికి ఈ అలవాటు ప్రతి పూటా మంచిదిగానే రుజువవుతుంది. చేయి కాలితే నిప్పును ముట్టుకోవడం పిల్లవాడు కూడా ఒక్కసారికే మానేస్తాడు, ఎందుకంటే తప్పుకూ శిక్షకూ మధ్య క్షణం కూడా లేదు. అడ్డపొగలో ఆ రెంటి మధ్య ముప్పై నలభై ఏళ్లుంటాయి.

యువతరంలో ఈ పద్ధతి బాగా తగ్గింది. ఇప్పుడు ఇది ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలకే పరిమితమవుతోంది. తాగేవారు మానేయడం కన్నా, తర్వాతి తరం మొదలుపెట్టకపోవడమే ఈ తగ్గుదలకు ప్రధాన కారణంగా కనిపిస్తుంది.

మెదడు నేర్చుకునే తీరు

పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. రక్తనాళంలోకి ఎక్కించిన మందు కూడా ఇంతకన్నా వేగంగా మెదడుకు చేరదు. అక్కడ అది అసిటైల్‌కోలిన్ అనే సహజ రసాయనం కోసం ఉన్న గ్రాహకాలకు, అంటే దాన్ని అందుకునే భాగాలకు, అతుక్కుని, చేసిన పనిని మళ్లీ చేయాలనిపించే డోపమైన్ అనే రసాయనం విడుదలను పెంచుతుంది. ఒక పనికీ దాని ఫలితానికీ మధ్య ఎడం ఎంత తగ్గితే మెదడు ఆ రెంటినీ అంత గట్టిగా ముడివేస్తుంది. ఒక సిగరెట్టుకు పది దమ్ములు అనుకున్నా, రోజుకు ఒక పెట్టె తాగే మనిషి మెదడులో ఈ ముడి రోజుకు రెండు వందల సార్లు, ఏడాదికి డెబ్బై వేల సార్లకు పైగా బిగుసుకుంటుంది. మనిషి జీవితంలో ఇన్నిసార్లు సాధన చేసే విద్య మరొకటి ఉండదేమో.

నమిలే పొగాకుదీ చుట్టదీ వేరే దారి. ఖైనీని అరచేతిలో సున్నం వేసి నలపడం రుచి కోసమే కాదు. సున్నం వల్ల క్షారగుణం పెరిగి, నోటి లోపలి పొర గుండా నికోటిన్ తేలికగా రక్తంలోకి వెళ్తుంది. చుట్ట పొగకు క్షారగుణం సహజంగానే ఉంటుంది. అందుకే చుట్ట తాగేవారు పొగను గుండెల దాకా పీల్చకపోయినా నికోటిన్ అందుతుంది. ఈ రసాయన సూత్రం పేరు తెలియకుండానే జనం అనుభవంతో దాన్ని కనిపెట్టారు. గుట్కాలో పొగాకుతోపాటు వక్క కూడా ఉంటుంది. వక్కలోని అరికోలిన్ తనంతట తానే అలవాటు చేసే పదార్థం. నోటి లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరవలేని స్థితికి దారితీసే జబ్బుకు మూలం ప్రధానంగా ఈ వక్కే. ఒకే పొట్లంలో రెండు వ్యసనాలు ఉన్నప్పుడు మానడం మరింత కష్టమవుతుంది.

కొన్నాళ్ల వాడకం తర్వాత మెదడు ఈ తాకిడికి సర్దుకుంటుంది. నికోటిన్ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. రక్తంలో నికోటిన్ రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. పడిపోయిన ప్రతిసారీ చిరాకు, అసహనం, మనసు నిలవకపోవడం మొదలవుతాయి. నిద్రపోయే వేళ రక్తంలోని నికోటిన్ చాలావరకు పోతుంది కాబట్టి పొద్దున లేచాక మొదటి సిగరెట్టు ఎంత త్వరగా వెలిగిస్తారన్నదాన్ని బట్టి వైద్యులు వ్యసనం తీవ్రతను అంచనా వేస్తారు. ఐదు నిమిషాల్లోపు అయితే పట్టు బలంగా ఉన్నట్టు. ‘పొద్దున్నే చుట్ట పడితేగాని కడుపు కదలదు’ అనే పెద్దల మాట పూర్తిగా సాకు కాదు, నికోటిన్ పేగుల కదలికను నిజంగానే ప్రేరేపిస్తుంది.

‘టెన్షన్ తగ్గడానికి తాగుతాను’ అన్నది పొగ తాగేవారు అందరికన్నా ఎక్కువగా చెప్పే కారణం. వారు అబద్ధం చెప్పడం లేదు. సిగరెట్టు వెలిగించగానే నిజంగానే హాయిగా ఉంటుంది. అయితే ఆ ఒత్తిడిలో పెద్ద భాగాన్ని తెచ్చిపెట్టింది గంటన్నర కిందట తాగిన సిగరెట్టే. కాలికి బిగుతైన చెప్పులు వేసుకుని, అప్పుడప్పుడు విప్పి హాయి పడటం లాంటిదిది. మానినవారి మానసిక స్థితిని పరిశీలించిన 26 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మానేసినవారిలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయనే అది తేల్చింది. కానీ ఆ మేలు కనిపించేది కొన్ని వారాలు గడిచాకే. మొదటి రెండు మూడు రోజులు బాధ శిఖరానికి చేరి, ఆపై రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా సద్దుమణుగుతుంది. ఈలోపే ఎక్కువమంది వెనక్కి మళ్లుతారు.

ఇష్టానికీ యావకూ ఉన్న తేడాను కూడా ఇక్కడ గమనించాలి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టెర్రీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ 1993లో ఒక సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. ఒక పదార్థం ఇచ్చే ఆనందం, దానికోసం లాగే యావ మెదడులో వేర్వేరు వ్యవస్థలకు చెందినవని, వ్యసనం ముదిరేకొద్దీ ఆనందం తగ్గినా యావ పెరుగుతూ పోతుందని దాని సారం. ‘తాగితే పెద్దగా ఏమీ ఉండదు, కానీ ఉండలేను’ అని ఏళ్ల తరబడి తాగుతున్నవారు చెప్పే మాట పైకి పొంతన లేనిదిగా వినిపిస్తుంది. ఈ సిద్ధాంతం దృష్టిలో అది వ్యసనానికి కచ్చితమైన వర్ణన. ఇన్సులా అనే మెదడు భాగం పక్షవాతం వంటి కారణాలతో దెబ్బతిన్న కొందరికి పొగ తాగాలన్న కోరికే లేకుండా పోయిందని 2007లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం గుర్తించింది. మనోబలం అని పిలిచేదానికి శరీరంలో ఎంత లోతైన పునాది ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

రేపటి నష్టానికి ఇవాళ ధర తక్కువ

ఇవాళ చేతికొచ్చే వంద రూపాయలకూ ఏడాది తర్వాత వచ్చే రెండు వందలకూ మధ్య ఎంచుకోమంటే చాలామంది వందే తీసుకుంటారు. దూరంగా ఉన్నదాని విలువను తగ్గించి చూడటం మనిషి స్వభావం, అది పేదవారికో చదువులేనివారికో పరిమితమైన లక్షణం కాదు. పొగ తాగేవారిలో ఈ తగ్గింపు తాగనివారికన్నా ఎక్కువగా ఉంటుందని పలు అధ్యయనాలు చూపాయి. అలాంటి స్వభావం ఉన్నవారే ఈ అలవాటులో పడతారా, అలవాటే ఆ స్వభావాన్ని పెంచుతుందా అన్నదానిపై చర్చ నడుస్తోంది. బహుశా రెండూ కొంత కొంత నిజమే.

ఈ తగ్గింపుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. దూరం నుంచి చూసినప్పుడు ఆరోగ్యమే పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే రాత్రి పడుకునే ముందు ‘రేపటి నుంచి మానేస్తాను’ అన్న నిశ్చయం మనస్ఫూర్తిగానే జరుగుతుంది. తెల్లవారి టీ చేతికొచ్చేసరికి దగ్గరున్న సిగరెట్టు అమాంతం పెద్దదై, దూరాన ఉన్న ఆరోగ్యం చిన్నదైపోతుంది. దగ్గరి ఇంటి గోడ దూరపు కొండను కప్పేసినట్టు. రాత్రి ఒట్టు పెట్టుకున్న మనిషీ పొద్దున వెలిగించిన మనిషీ ఒకరే. వారిలో ఎవరూ దొంగ కాదు. కుటుంబ సభ్యులు ఈ ఒట్టును నమ్మి, అది తప్పినప్పుడు మోసంగా భావించడం వల్ల ఇళ్లలో ఎంతో వేదన పుడుతోంది.

మరొక సంగతి, క్యాన్సర్ ఏ ఒక్క సిగరెట్టు వల్లా రాదు. ఇరవై ఏళ్లలో తాగిన లక్షకు పైగా సిగరెట్లలో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా దాని వాటా లెక్కలోకి రానంత చిన్నది. ‘ఈ ఒక్కటీ’ అనే మాట అందుకే ప్రతిసారీ నిజమనిపిస్తుంది. ప్రతి నిర్ణయమూ విడిగా చూస్తే సహేతుకంగా ఉండి, అన్నీ కలిస్తే ప్రాణాంతకమయ్యే పరిస్థితి ఇది. పైగా నష్టం అందరికీ ఒకేలా రాదు. చుట్ట కాలుస్తూనే తొంభై ఏళ్లు దిట్టంగా బతికిన తాత ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. యాభైలోనే పోయినవారు రచ్చబండ మీద కూర్చుని తమ కథ చెప్పలేరు కాబట్టి, తాత ఉదాహరణే నిలుస్తుంది.

చోటు, వేళ, తోడు

వ్యసనం మనిషి లోపలే ఉంటుందన్న అభిప్రాయాన్ని గట్టిగా కుదిపిన అధ్యయనం వియత్నాం యుద్ధం నాటిది. అక్కడ పనిచేసిన అమెరికన్ సైనికుల్లో సుమారు 20 శాతం మంది హెరాయిన్ వంటి మాదకద్రవ్యాలకు బానిసలయ్యారు. వారు తిరిగొస్తే దేశం ఏమవుతుందోనని ప్రభుత్వం భయపడింది. 1971లో తిరిగొచ్చినవారిని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంబడించి చూడగా, అలా బానిసలైనవారిలో తొలి ఏడాది మళ్లీ ఆ స్థితికి వెళ్లినవారు 5 శాతమే. మూడేళ్లలో కూడా ఆ సంఖ్య 12 శాతం దాటలేదు. యుద్ధరంగం, అక్కడి భయం, విసుగు, చవకగా దొరికే సరుకు, అదే పనిచేసే తోటివారు అన్నీ వెనకే ఉండిపోయాయి. వాటితోపాటు కోరికను రేపే గుర్తులూ చాలావరకు ఉండిపోయాయి.

పొగాకు వాడే మనిషికి ఇలాంటి అదృష్టం దొరకదు. అతని యుద్ధరంగం టీకొట్టు, బస్టాండు, ఆఫీసు మెట్లు, భోజనం తర్వాతి అరగంట. ఇవన్నీ మానిన మర్నాడు కూడా అక్కడే ఉంటాయి. రాత్రంతా లారీ నడిపే డ్రైవరుకు ఖైనీ నిద్రను ఆపే సాధనం. మేస్త్రీ పనిలో బీడీ తాగితే కాసేపు కూర్చోవచ్చు, ఊరికే కూర్చుంటే మాట పడాలి. అలాంటి చోట మానడం అంటే పదార్థాన్ని వదులుకోవడంతో సరిపోదు. విరామాన్నీ, మాట కలిపే సందర్భాన్నీ కూడా వదులుకోవాల్సి వస్తుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మానేసి ఇంటికి రాగానే మళ్లీ మొదలుపెట్టేవారు ఎందరో ఉన్నారు. నోటి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన తర్వాత కూడా కొందరు ఇలా జారిపోవడం వైద్యులకు తెలిసిన విషయమే. దాన్ని మూర్ఖత్వం అనడం తేలిక. కానీ ఆసుపత్రిలో లేని గుర్తులన్నీ ఇంటి వీధిలో కాచుకుని ఉన్నాయన్నది మరింత సరైన వివరణ.

భయపెట్టడం ఎంతవరకు పనిచేస్తుంది

మన దేశంలో పొగాకు పెట్టెలపై బొమ్మల హెచ్చరికలు 2009లో మొదలయ్యాయి. 2016 ఏప్రిల్ నుంచి అవి పెట్టె ముఖాల్లో 85 శాతం ఆక్రమించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. వీటి వల్ల మానాలని ఆలోచించామని సిగరెట్టు తాగేవారిలో 61.9 శాతం మంది గాట్స్ సర్వేలో చెప్పారు. ఆలోచన దాకా తీసుకురావడం చిన్న పని కాదు. అయితే దుకాణంలో విడిగా ఒక సిగరెట్టు కొనేవారికి పెట్టే కనిపించదు, దానిమీది బొమ్మా కనిపించదు.

భయానికి మరో పరిమితి ఉంది. మనసులో రెండు మాటలు ఢీకొంటే మనిషి వాటిలో మార్చడానికి తేలికైనదాన్ని మారుస్తాడని అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింజర్ 1957లో వివరించాడు. ఆయన ఎంచుకున్న తొలి ఉదాహరణల్లో పొగ తాగడం ఒకటి. ‘ఇది చంపుతుంది’, ‘నేను తాగుతున్నాను’ అనే రెండు మాటల్లో రెండోదాన్ని మార్చడం కష్టం. కాబట్టి మొదటిది మెత్తబడుతుంది. ‘ఎప్పుడో పోవాల్సిందేగా’, ‘కాలుష్యం కన్నా ఇదేం ఎక్కువ’, ‘మా తాతకేమైంది’ అన్నవి ఇలా పుట్టిన మాటలే. భయపెట్టినప్పుడు బయటపడే దారి కూడా చూపకపోతే, మనిషి అలవాటు నుంచి కాక హెచ్చరిక నుంచి తప్పుకుంటాడు. అవమానించడం ఇంకా చెడ్డది. సిగ్గు కూడా ఒక బాధే, బాధ కలిగినప్పుడు చేయి వెళ్లేది అలవాటైన ఉపశమనం వైపే. దాచుకుని తాగడం మొదలయ్యాక సాయం అడిగే అవకాశమూ పోతుంది.

నిషేధం, ధర, అంగడి

ఆహారంలో పొగాకు, నికోటిన్ కలపరాదన్న 2011 నాటి నిబంధన ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. వెంటనే అంగట్లోకి రెండు పొట్లాలు వచ్చాయి: ఒకటి పొగాకు లేని పాన్ మసాలా, రెండోది విడిగా పొగాకు. కొన్నవారు రెంటినీ కలుపుకుంటారు. చట్టం పదార్థాన్ని నిర్వచించింది, అలవాటు ఆ నిర్వచనాన్ని పక్కనుంచి దాటింది. ధర పెంచడం దీనికన్నా మెరుగ్గా పనిచేస్తుంది. ధర పదో వంతు పెరిగితే సంపన్న దేశాల్లో వాడకం 4 శాతం, మిగతా దేశాల్లో సుమారు 5 శాతం తగ్గుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించిన అంచనా. ధరకున్న బలం ఎక్కడుందంటే, అది నష్టాన్ని ముప్పై ఏళ్ల అవతలి నుంచి ఇవాళ్టి జేబులోకి తెస్తుంది. బీడీలపై పన్ను భారం సిగరెట్ల కన్నా ఎప్పుడూ తక్కువగానే ఉంటూ వచ్చింది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టి బతికే వేలాది మంది స్త్రీల జీవనాధారం ఈ నిర్ణయాల వెనక ఉన్న ఒక నిజమైన చిక్కు. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు.

మానినవారికి ఏది తోడ్పడింది

ఏ సాయమూ లేకుండా ఒక ప్రయత్నంలో మానాలనుకునేవారిలో ఆరు నెలలో ఏడాదో నిలదొక్కుకునేది నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు. ఈ అంకె నిరాశ కలిగించేలా ఉన్నా, దాన్ని సరిగ్గా చదవాలి. మానినవారిలో అత్యధికులు అంతకుముందు పలుమార్లు ప్రయత్నించి జారినవారే. జారడం ఓటమి అనుకున్నవారు అక్కడే ఆగిపోతారు. ఏ వేళ, ఎవరి పక్కన, ఏ మానసిక స్థితిలో జారారో గమనించుకున్నవారికి తర్వాతి ప్రయత్నం కాస్త తేలికవుతుంది.

నికోటిన్ బిళ్లలను, పట్టీలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. వరెనిక్లిన్, బ్యుప్రోపియాన్ అనే మందులు 2021లో చేరాయి. ఇవి మొదటి వారాల బాధను తగ్గించి, యావకు లొంగే అవకాశాన్ని తగ్గిస్తాయి. వీటికి సలహా, మాటసాయం తోడైతే ఫలితం మెరుగ్గా ఉంటుంది. జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2356. 2018 నుంచి దీన్ని పొగాకు పెట్టెలపైనే ముద్రిస్తున్నారు. ఒత్తిడి, దిగులు ఈ అలవాటుకు మూలంగా ఉన్నవారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 కూడా ఉంది.

అన్నిటికన్నా చవకైన సాయం, వైద్యుడు అడగడం. గాట్స్ సర్వేకు ముందు ఏడాదిలో వైద్యుల దగ్గరికి వెళ్లిన పొగతాగేవారిలో మానమని సలహా అందుకున్నవారు సగానికి కాస్త తక్కువ. నమిలేవారిలో మూడో వంతు కూడా లేరు. జ్వరానికి వెళ్లినా, పంటి నొప్పికి వెళ్లినా ‘పొగాకు వాడతారా?’ అన్న ప్రశ్న అడగడానికి అర నిమిషం చాలు.

ఆ ప్రశ్నను ఇంటింటికీ తీసుకెళ్తే ఏమవుతుందో శ్రీకాకుళంలోనే చూశారు. 1970ల చివర కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో కలిపి సుమారు 36 వేల మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని, పరిశోధకులు ఏటా గ్రామాలకు వెళ్లారు. దంతవైద్యులు ఒక్కొక్కరి నోరు పరీక్షించారు, మానమనో కనీసం తగ్గించమనో ముఖాముఖి చెప్పారు. పదేళ్ల పాటు ఇది సాగింది. అందరూ మానలేదు, చాలామంది తగ్గించారు, కొందరు పూర్తిగా వదిలేశారు. వదిలినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే నోటి మచ్చలు కొత్తగా రావడం స్పష్టంగా తగ్గింది. అప్పటికే ఉన్నవాటిలో కొన్ని మాయమయ్యాయి. ఎప్పుడో ముప్పై ఏళ్ల తర్వాత రావాల్సిన కబురును ఆ పరీక్ష ఏటా ఇంటి గుమ్మంలోకి తెచ్చింది. అంగిలి మీద తెల్లటి గరుకు ఉందని ఒక ఏడాది విన్న మనిషికి, అది తగ్గిందని మరుసటి ఏడాది వినే అవకాశం కూడా అక్కడే దొరికింది.